అట్టకట్టిన ఆఫ్రో జుట్టు: విప్పాలా, లాక్స్‌గా మార్చాలా, కత్తిరించాలా?

పదకొండు వారాల పాటు సన్న జడలలో ఉన్న మా మనవరాలి జుట్టును విప్పిన రోజున, తల వెనుక భాగంలో అరచేయంత మేర కంబళి ముక్కలాంటి ముద్ద ఒకటి బయటపడింది. ఆమె తండ్రి, అంటే మా అల్లుడు, అట్లాంటాలో పుట్టి పెరిగిన నల్లజాతి అమెరికన్. పిల్లకు కళ్ళూ ముక్కూ మా వైపువి వచ్చినా, జుట్టు మాత్రం పూర్తిగా తండ్రిదే, అంటే బిగువైన సన్న మెలికలు తిరిగే ఆఫ్రో జుట్టే వచ్చింది. కొబ్బరినూనె, కుంకుడుకాయ, చిక్కుదువ్వెన అనే మూడింటితో ఇన్నేళ్ళూ నడిచిన నా అనుభవం ఆ రోజు ఎందుకూ పనికిరాలేదు సరికదా, ఉన్న ముద్దను మరింత బిగించింది. ఆ తరువాత మా వియ్యపురాలు ఓపికగా చేసి చూపినవీ, నేను చదివి సరిచూసుకున్నవీ కలిపి, ఇటువంటి స్థితిలో ఏ దారిని ఎప్పుడు ఎంచుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. విదేశాలలో ఇలాంటి పిల్లలను పెంచుతున్న తెలుగు కుటుంబాలకు ఇది ఎక్కువగా ఉపయోగపడుతుంది. హైదరాబాదులో ఆఫ్రికా దేశాల విద్యార్థులు చాలాకాలంగా ఉంటున్నారు, నిజాం కాలపు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ దళం పేరుతోనే నేటికీ ఉన్న ఏ.సి. గార్డ్స్ ప్రాంతంలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ కుటుంబాలు ఉన్నాయి. కాబట్టి అక్కడి పార్లర్లవారికి కూడా ఇది పరాయి విషయం కాకూడదు.

ముద్దలో ఉన్నదేమిటి

ఏ దారి ఎంచుకోవాలన్నది ముద్ద ఎంత పెద్దదన్న దాని మీద కాక, అది దేనితో తయారైందన్న దాని మీద ఆధారపడుతుంది. ఎవరి తల నుంచైనా రోజుకు సుమారు 50 నుంచి 100 వెంట్రుకలు వాటంతటవే రాలుతాయి. తిన్నని జుట్టులో అవి దువ్వెనకూ దిండుకూ అంటుకొని పోతాయి గాని, జడలల్లి వదిలేసిన తలలో వాటికి బయటికి దారి ఉండదు. పదకొండు వారాలంటే 77 రోజులు. ఆ లెక్కన 3,850 నుంచి 7,700 వెంట్రుకల దాకా కుదురు నుంచి ఊడిపోయి కూడా జడలోనే ఉండిపోతాయి. జడ విప్పగానే అవి పక్కన ఇంకా మాడును అంటిపెట్టుకొని ఉన్న వెంట్రుకలకు చుట్టుకుంటాయి. విప్పుతున్నప్పుడు చేతికి పిడికెడు జుట్టు వస్తే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తడం సహజమే, కానీ అందులో అధికభాగం ఎప్పుడో రాలిపోయినదే అయి ఉంటుంది.

దీనిని తేల్చుకోవడం కష్టం కాదు. చేతికి వచ్చిన వెంట్రుకలను తెల్ల గుడ్డ మీద పరచి చూస్తే, సహజంగా రాలినదానికి ఒక కొసన చిన్న తెల్లని గింజలాంటి కుదురు కనిపిస్తుంది, పైగా అది పూర్తి నిడివిలో ఉంటుంది. తెగిన వెంట్రుకకు ఆ గింజ ఉండదు, పొట్టిగానూ రకరకాల పొడవులలోనూ ఉంటుంది. మొదటి రకం ఎక్కువగా ఉంటే ఆ ముద్ద ఓపికకు లొంగుతుంది. రెండవ రకమే ఎక్కువగా ఉంటే జుట్టు అట్టకట్టడానికి ముందే దెబ్బతిన్నదని అర్థం. బ్లీచ్, రిలాక్సర్ (జుట్టును తిన్నగా చేసే రసాయనం), అతి వేడి ఇస్త్రీ వంటి కారణం ఏదో ఒకటి ఉండే ఉంటుంది, అటువంటప్పుడు చిక్కు తీయడానికి ఎంత శ్రమపడినా చివరకు మిగిలే జుట్టు ఎంతన్నది ముందే ఆలోచించుకోవాలి.

ఈ జుట్టే ఇలా ఎందుకు ముద్దకడుతుందన్న ప్రశ్నకు జవాబు దాని ఆకృతిలో ఉంది. వెంట్రుకను అడ్డంగా కోసి చూస్తే తిన్నని జుట్టులో దాదాపు గుండ్రంగా, ఆఫ్రో జుట్టులో నొక్కినట్టు కోలగా ఉంటుంది. కుదురు కూడా చర్మం లోపలే వంకర తిరిగి ఉండడంతో వెంట్రుక చుట్టలు చుట్టుకుంటూ బయటికి వస్తుంది. మాడున ఊరే సహజమైన జిడ్డు ఆ మెలికల వెంట చివరిదాకా జారలేదు, అందుచేత కుదుళ్ళు బాగున్నా చివళ్ళు ఎప్పుడూ ఎండే ఉంటాయి. తడిసి ఆరినప్పుడు నిడివి సగానికీ, కొందరిలో అంతకంటే బాగా తక్కువకూ ముడుచుకుపోతుంది, అలా ముడుచుకున్న ప్రతిసారీ ఒక చుట్ట మరొక చుట్టలో దూరుతుంది.

నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. గోరువెచ్చని కొబ్బరినూనెలో ఆముదం కలిపి దండిగా పట్టించి, గంట నానబెట్టి, జుట్టునంతా నడినెత్తి మీదికి పోగుచేసి, వేడినీళ్ళతో కుంకుడు రసం పోసి నలిచాను. ఉన్ని దుస్తులను వేడినీటిలో సబ్బుతో నలిపితే ఏమవుతుందో తెలిసినవారికి ఆ తరువాత ఏమైందో చెప్పనక్కరలేదు. వెంట్రుక పైపొరలోని పొలుసులు ఒకదానికొకటి పట్టుకొని, వేడికీ రాపిడికీ వెనక్కి రాలేని విధంగా బిగిసిపోతాయి. ఆముదానికి ఉన్న చిక్కదనం దీనికి తోడైతే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. 2017లో మన దేశపు చర్మవైద్యులు ప్రచురించిన ఒక కేసులో, కొబ్బరినూనె, ఆముదం కలిపి రాసుకొని తలస్నానం చేసిన ఒక యువతి జుట్టు ఒక్కసారిగా రాయిలా ఉండకట్టింది, దానిని కత్తిరించక తప్పలేదు.

నిర్ణయానికి ముందు మూడు పరీక్షలు

మొదటిది మాడు పరీక్ష. ముద్ద కింద పుండ్లు, చీము, దుర్వాసన, తాకితే భరించలేని నొప్పి ఉన్నా, పిల్లల తలలో పొలుసులతో కూడిన గుండ్రని మచ్చలు కనిపించి అక్కడ జుట్టు ఊడిపోతున్నా, ఏ దారినీ ఎంచుకోకుండా ముందు చర్మవైద్యుడికి చూపించాలి. పిల్లల తలలో వచ్చే తామర నల్లజాతి పిల్లలలో ఎక్కువగా కనిపిస్తుంది, అది పైపూతలకూ నూనెలకూ లొంగదు, లోపలికి మందు వేసుకోవలసి ఉంటుంది.

రెండవది ముద్ద ఎక్కడ మొదలైందన్న పరిశీలన. కుదురుకూ ముద్దకూ మధ్య ఒక వేలు దూరేంత ఖాళీ ఉంటే ఆ ఖాళీని పట్టుకొని పని చేయవచ్చు, లాగుడు మాడు మీద పడదు. చర్మానికి ఆనుకొని గట్టిగా ఉంటే ప్రతి కదలికా నొప్పిగానే ఉంటుంది, అది ఇంట్లో అనుభవం లేని చేతులు పట్టవలసిన పని కాదు.

మూడవది నానబెట్టే పరీక్ష, నా దృష్టిలో మూడింటిలో ఇదే తీర్పు చెప్పేది. ముద్ద అంచున బొటనవేలంత భాగాన్ని మాత్రమే వేరుచేసి, నిండా కండిషనర్ పట్టించి, ప్లాస్టిక్ టోపీ పెట్టి అరగంట ఉంచాలి. ఆ తరువాత వేళ్ళతో అటూ ఇటూ విడదీస్తే పోగులు కొద్దికొద్దిగానైనా వేరుపడుతుంటే ఇంట్లో విప్పవచ్చు. అరగంట నానిన తరువాత కూడా బూటు అడుగు తోలులాగా ఒక్క పోగూ కదలకపోతే, ఇంట్లో మరో పది గంటలు పెట్టడం వల్ల తేడా ఏమీ రాదు.

ఇంట్లో విప్పేటప్పుడు: దేనితో నానబెట్టాలి

చిక్కు తీయడంలో దువ్వెనది చివరి పాత్ర, జారుడుది మొదటి పాత్ర. ఈ జుట్టుతో పనిచేసేవారు స్లిప్ అనే మాట పదే పదే వాడతారు. పోగుమీద పోగు జారిపోయే గుణమని దాని అర్థం, ఏ ద్రవ్యాన్నైనా ఈ ఒక్క కొలతతోనే తూచాలి.

కండిషనర్‌ను మించినది ఈ పనికి నాకు కనబడలేదు, అది కూడా ఖరీదైనది కానక్కరలేదు. సీసా వెనుక చీటీ మీద బెహెంట్రిమోనియం, సెట్రిమోనియం వంటి పేర్లూ, సెటియరిల్ ఆల్కహాల్ వంటి కొవ్వు ఆల్కహాళ్ళూ మొదటి వరుసలలోనే ఉంటే చాలు. దెబ్బతిన్న వెంట్రుక ఉపరితలం మీద రుణావేశం ఎక్కువగా ఉంటుంది, ఈ పదార్థాలకు ధనావేశం ఉంటుంది, అందుచేత అవి ఎక్కడ దెబ్బ ఎక్కువగా ఉందో అక్కడే ఎక్కువగా అతుక్కుంటాయి. ఒక పెద్ద సీసా మొత్తం ఒక్క తలకు అయిపోయినా ఆశ్చర్యపడవద్దు. ఆల్కహాల్ అన్న మాట చూసి భయపడేవారున్నారు. జుట్టును ఎండబెట్టేది త్వరగా ఆవిరయ్యే రకం, కొవ్వు ఆల్కహాళ్ళు అందుకు విరుద్ధంగా మెత్తబరుస్తాయి.

నూనెల విషయంలో మాత్రం మన అలవాటును కొంత పక్కన పెట్టాలి. కొబ్బరినూనె నిజంగా మంచిదే. 2003లో మన దేశపు పరిశోధకులు మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనెలతో పోల్చి చూసినప్పుడు, వెంట్రుక లోపలికి ఇంకి మాంసకృత్తుల నష్టాన్ని తగ్గించినది కొబ్బరినూనె ఒక్కటే. అయితే అది నివారణకు పనికొచ్చే గుణం గాని, కట్టిన ముద్దను విప్పే గుణం కాదు. కండిషనర్‌లో రెండు చెంచాలు కలిపితే ఉపయోగమే, ఒంటరిగా వాడితే అంత జారుడు రాదు. ఆముదాన్ని మాత్రం ముద్ద ఉన్నంతకాలం తల దరిదాపులకు రానివ్వవద్దు. అమెరికాలో జమైకన్ బ్లాక్ కాస్టర్ ఆయిల్ పేరుతో గొప్పగా అమ్ముడయ్యేది, గింజలు వేయించి, దంచి, నీళ్ళలో మరగబెట్టి తీసే మన వంటాముదానికి దగ్గరి చుట్టమే. చిక్కు లేని జుట్టు చివళ్ళకు వేలికొనతో అద్దుకోవడానికి అది బాగుంటుంది, అంతవరకే.

ఇంట్లో చేసుకునే జిగురులలో అవిసె గింజలను ఉడకబెట్టి వడకట్టినది, బెండకాయలు ఉడకబెట్టి పిండినది, రెండింటినీ నల్లజాతి స్త్రీలు ఎంతోమంది వాడతారు. మన ఇళ్ళలో మందారాకు జిగురు ఎరిగినవారికి ఇవి కొత్తగా అనిపించవు. ఖర్చు లేదు, జారుడు బాగానే ఉంటుంది, కానీ త్వరగా ఆరిపోయి బిరుసెక్కుతాయి. చిన్న చిక్కులకు సరిపోతాయి, అరచేయంత ముద్దకు చాలవు. మెంతిపిండి, శీకాయపొడి వంటివి ఎంత మెత్తగా దంచినా రజను మిగులుతుంది, ఆ రజను ముద్దలో ఇరుక్కొని ఇసుకలా రాపిడి పెంచుతుంది కాబట్టి వాటిని పూర్తిగా మానుకోవాలి.

తడి మీద విప్పాలా, పొడి మీద విప్పాలా అన్నది ఈ జుట్టున్నవారిలో ఎడతెగని వాదం. తడిసిన వెంట్రుక ఎక్కువగా సాగుతుంది, బలం తగ్గుతుంది, అందుకే తిన్నని జుట్టును తడి మీద దువ్వవద్దంటారు. ఆఫ్రో జుట్టును పూర్తిగా పొడిగా దువ్వితే మెలికమెలికకూ పట్టుకొని తెగుతుంది. నాకు సరిగా తోచిన మధ్యేమార్గం ఏమిటంటే, జడలు విప్పిన వెంటనే కుళాయి కింద పెట్టకుండా, పిచికారీ సీసాతో చెమ్మ మాత్రం చేసి, దాని మీద కండిషనర్ దట్టంగా పట్టించి, రాలిన వెంట్రుకలన్నీ బయటికి వచ్చేదాకా ఆ చెమ్మలోనే పని చేయడం. షాంపూ అన్నది ముద్ద పూర్తిగా విడిపోయిన తరువాతి మాట. ఈ ఒక్క క్రమాన్ని తలకిందులు చేయడం వల్లనే చాలా తలలు కత్తెర దాకా వెళ్తున్నాయని మా వియ్యపురాలు అంటారు, నా అనుభవం కూడా దానికి సాక్ష్యమే.

పనిముట్లలో వేళ్ళను మించినది లేదు. వేలికి ముడి తెలుస్తుంది, దువ్వెనకు తెలియదు. తలను ఆరు లేక ఎనిమిది పాయలుగా విడదీసి క్లిప్పులు పెట్టి, ఒక్కొక్క పాయను కుదురు వైపు ఒక చేత్తో గట్టిగా పట్టుకొని, చివరి నుంచి పైకి, ముద్దను కిందికి లాగకుండా పక్కలకు విడదీయాలి. గట్టి ముడులలోకి తోక దువ్వెన కొసను గాని, ఊలు అల్లే సన్న సూదిని గాని దూర్చి ఒక్కొక్క పోగునూ సడలించవచ్చు. వేళ్ళు ధారాళంగా పోతున్నప్పుడే వెడల్పు పళ్ళ దువ్వెన తీయాలి. పళ్ళ మధ్య అచ్చు అతుకు గీతలు లేనిది చూసుకోవాలి, ఎందుకంటే ఆ గీతలే వెంట్రుకను కోస్తాయి. ఊగే పళ్ళున్న బ్రష్షులు పని త్వరగా చేస్తాయి, కానీ ఎక్కువ వెంట్రుకలను తెంపుతాయి; దువ్వెన దాటిన తరువాత, చివరి దశలో తప్ప నేను వాడను. దువ్వెన మాటకొస్తే, పొడవాటి పళ్ళ ఆఫ్రో దువ్వెన నిన్నమొన్నటి వస్తువు కాదు. 2013లో కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో జరిగిన ప్రదర్శన ప్రాచీన ఈజిప్టు నుంచి నేటి వరకు ఆరు వేల ఏళ్ళ దువ్వెనల కథ చెప్పింది.

మాకు మూడు రోజులలో మొత్తం పదకొండు గంటలు పట్టింది. ఏడేళ్ళ పిల్లను ఒకేసారి గంటన్నరకు మించి కూర్చోబెట్టలేము, కూర్చోబెట్టకూడదు కూడా. మధ్యలో ఆపవలసి వచ్చినప్పుడు విడిపోయిన పాయలను వదులుగా మెలిపెట్టి, మిగిలిన ముద్దకు మళ్ళీ కండిషనర్ పట్టించి టోపీ పెట్టాలి. అలాగే ఎండనిస్తే మొదటికి వస్తుంది.

సెలూన్‌కు వెళ్ళేటట్టయితే

ముద్ద మాడుకు ఆనుకొని ఉన్నప్పుడు, లేదా ఇంట్లో ఓపికా సమయమూ లేనప్పుడు డబ్బు పెట్టడమే మేలు. అయితే ఏ సెలూన్ అన్నదే అసలు ప్రశ్న. మేము మొదట వెళ్ళినచోట ముద్దను ముట్టుకోకుండానే జుట్టు గొరిగే మిషన్ తీశారు. సహజమైన ఆఫ్రో జుట్టుతోనే పనిచేసే సెలూన్లూ, లాక్స్ (జుట్టును పాయలు పాయలుగా కావాలనే తాళ్ళలా అట్టకట్టించి పెంచుకునే తీరు) చేసే లాక్టీషియన్లూ వేరుగా ఉంటారు, వారిలో కొందరు అట్టకట్టిన జుట్టు విప్పడాన్ని ప్రత్యేకమైన పనిగానే చేస్తారు. వారు గంటల లెక్కన తీసుకుంటారు కాబట్టి ఫొటోలు ముందే పంపి, ఇటువంటి ముద్దను ఇంతకు ముందు విప్పారా, పని రెండు మూడు రోజులుగా పంచుకోవచ్చా, కత్తెర పెట్టవలసి వస్తే అడిగే పెడతారా అన్నవి ఫోనులోనే తేల్చుకోవాలి. మూడవ ప్రశ్నకు తడబడేచోటికి వెళ్ళవద్దు. హైదరాబాదులో మామూలు పార్లర్లలో ఈ పని తెలిసినవారు అరుదు; అక్కడ ఆఫ్రికన్ విద్యార్థినులనే అడిగి తెలుసుకోవడం ఏ బోర్డు చూసి వెళ్ళడం కంటే నయం.

ముద్దను సులువుగా విప్పవచ్చునని రిలాక్సర్ పెట్టిస్తామనేవారి మాట మాత్రం వినవద్దు. సోడియం హైడ్రాక్సైడ్ రిలాక్సర్ల పీహెచ్ 12కు పైనే ఉంటుంది; అప్పటికే బలహీనపడిన వెంట్రుకలో బంధాలను తెంచితే ముద్ద విడిపోదు, ముద్దగానే తెగిపోతుంది. ఆరోగ్యం దృష్ట్యా కూడా సందేహాలున్నాయి. 33,497 మంది స్త్రీలను పరిశీలించి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2022లో వెల్లడించిన అధ్యయనంలో, జుట్టును తిన్నగా చేసే రసాయనాలను తరచుగా వాడేవారిలో 70 ఏళ్ళ వయసు నాటికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 4.05 శాతమనీ, వాడనివారిలో 1.64 శాతమనీ అంచనా వేశారు. ఇది సంబంధాన్నే చూపింది గాని కారణమని నిరూపించలేదు. అయినా పసిపిల్ల తల మీద ప్రయోగం చేయడానికి మాకు మనసొప్పలేదు.

లాక్స్‌గా మార్చుకోవడం

ఇది మన తెలుగు ఇళ్ళలో ఎవరికీ ముందుగా తట్టని దారి. ముద్ద నిడివి బాగా ఉండి, తల అంతటా వ్యాపించి, విప్పినా సగం జుట్టు పోతుందనుకున్నప్పుడు, లాక్టీషియన్ ఆ ముద్దను కత్తెరతో నిలువుగా పాయలుగా చీల్చి, ఒక్కొక్క పాయను లాక్‌గా తీర్చిదిద్దగలరు. పొడవు దాదాపు అంతా నిలుస్తుంది, విప్పే బాధ ఉండదు. కానీ పాయలన్నీ ఒకే మందంలో రావు, మొదటి ఆరు నెలలు చూపుకు ఒక క్రమం లేకుండా ఉంటుంది, తరువాత మనసు మారితే ఒక్కొక్క లాక్‌నూ విప్పడం మళ్ళీ రోజుల పని. పెద్దవారు తమకు తాముగా కోరుకుంటే ఇది మంచి దారి. పిల్లలకు, అదీ చిక్కు వచ్చిపడింది కాబట్టి, లాక్స్ పెట్టించడం నాకు సమ్మతం కాదు.

ఇక్కడ మన వైపు పెద్దలకు ఒక మాట చెప్పవలసి ఉంది. జడలు కట్టిన జుట్టు అనగానే మనకు సన్యాసులు గుర్తుకు వస్తారు, లేదా తెలంగాణ, కర్ణాటక పల్లెలలో తలలో జట కనబడితే ఎల్లమ్మ పిలుపని చెప్పి ఆడపిల్లలను జోగినులుగా మార్చిన దుర్మార్గం గుర్తుకు వస్తుంది. నల్లజాతివారి లాక్స్‌కు వీటితో సంబంధం లేదు. అవి కడిగి, ఆరబెట్టి, కుదుళ్ళు సరిచేయించుకుంటూ పెంచుకునేవి. వాటిని చూసి ఉద్యోగం నిరాకరించడం, బడి నుంచి పంపేయడం జరుగుతూ ఉండేది కాబట్టే కాలిఫోర్నియా 2019లో, జుట్టు తీరును బట్టి వివక్ష చూపడాన్ని నిషేధిస్తూ క్రౌన్ చట్టం చేసింది, ఆ తరువాత ఎన్నో రాష్ట్రాలు అదే బాటలో నడిచాయి. టెక్సస్‌లో అది 2023 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది.

కత్తిరించడం

నానబెట్టే పరీక్షకు ముద్ద లొంగకపోతే, లేదా తెల్లగుడ్డ మీద తెగిన వెంట్రుకలే కనిపిస్తే, కత్తెరే సరైన దారి. అయితే కత్తిరించడంలోనూ తరతమ భేదాలున్నాయి. ముద్దకు అడ్డంగా కోస్తే అంతా పోతుంది. వెంట్రుకలు పెరిగే దిశలోనే నిలువుగా రెండు మూడు చోట్ల చీలిస్తే ముద్ద చిన్న ముక్కలై, చాలాభాగం తరువాత వేళ్ళకు లొంగుతుంది. ముద్ద ఒక్కచోటే ఉంటే అంతమేరకే తీసి, చుట్టూ ఉన్న జుట్టుతో కప్పుకోవచ్చు. మాడుకు ఆనుకున్న ముద్ద దగ్గర కత్తెర కొస కనిపించకుండా కోయడం ప్రమాదకరం కాబట్టి ఆ పని చేయి తిరిగినవారికి వదిలేయాలి.

మొత్తం తీయించడానికి మన ఇళ్ళలో ఎవరూ పెద్దగా వెనకాడరు. మొక్కు ఉన్నా లేకపోయినా, గుండు చేయిస్తే మళ్ళీ ఒత్తుగా వస్తుందన్న నమ్మకం మనకు ఉంది. ఆ నమ్మకంలో నిజం లేదు. ఆకృతినీ మందాన్నీ నిర్ణయించేది చర్మం లోపలి కుదురు, క్షవరకత్తి కాదు. పైగా కాలం లెక్క వేసుకోవాలి. ఆఫ్రికన్ మూలాలున్నవారి జుట్టు సగటున రోజుకు 0.26 మిల్లీమీటర్లు, ఆసియావారిది 0.4 మిల్లీమీటర్లు పెరుగుతుందని కొలతలు చెబుతున్నాయి. అంటే మనకు రెండేళ్ళలో వచ్చే అడుగు జుట్టుకు వారికి మూడేళ్ళు దాటుతుంది, అది కూడా చివళ్ళు తెగకుండా కాపాడుకుంటేనే. నేను గుండు మాట ఎత్తినప్పుడు వియ్యపురాలు మౌనంగా ఉండిపోవడానికి ఇది ఒక్కటే కారణం కాదని తరువాత తెలిసింది. బానిసలుగా పట్టి తెచ్చినవారి తలలు గొరిగించిన చరిత్ర వారిది. మనకు తలనీలాలు సమర్పణ, వారి కుటుంబ జ్ఞాపకంలో అదే పని మరొకటి. కాబట్టి పిల్ల ఎంత చిన్నదైనా, ఆ పిల్లనూ ఆ వైపువారినీ అడగకుండా ఈ నిర్ణయం తీసుకోకూడదు. పెద్దవారు కోరి చేయించుకునే బిగ్ చాప్ వేరు. రిలాక్సర్ వాడిన భాగాన్నంతా ఒక్కసారిగా కత్తిరించి సహజమైన జుట్టుతో మొదలుపెట్టడాన్ని ఎంతోమంది స్వేచ్ఛగా భావిస్తారు.

విప్పిన తరువాత కోలుకోవడం

వెంట్రుక జీవం లేని పదార్థం. దానికి గాయం మానడం అంటూ ఉండదు. కోలుకోవడమంటే మిగిలినదాన్ని తెగకుండా ఆపడం, కుదురు నుంచి వచ్చే కొత్త జుట్టుకు సమయం ఇవ్వడం. చీలిన చివళ్ళను అర అంగుళమైనా తీయించడం ఏ సీసా చేయలేని మేలు చేస్తుంది.

ఆ తరువాత ఎదురయ్యే ఎంపిక తేమా, ప్రోటీనా అన్నది. తడిసిన ఒక వెంట్రుకను రెండు చేతులతో నెమ్మదిగా లాగినప్పుడు, సాగకుండానే పుటుక్కున తెగితే తేమ తక్కువని, రబ్బరులా సాగిపోయి వెనక్కి రాకపోతే లోపలి బలం తగ్గిందని ఒక అంచనా. ఇది ప్రయోగశాల పరీక్ష కాదు, దారి చూపే గుర్తు మాత్రమే. మొదటి స్థితిలో వారానికి ఒకసారి డీప్ కండిషనర్ పెట్టాలి, రెండవ స్థితిలో నెలకు ఒకసారి హైడ్రోలైజ్డ్ ప్రోటీన్ ఉన్న చికిత్స చేసి, వెంటనే తేమనిచ్చే కండిషనర్ పెట్టాలి. ప్రోటీన్ మంచిదని వారం వారం పెడితే జుట్టు గడ్డిపరకలా పెళుసెక్కుతుంది. ఇక్కడ పొదుపే మంచిది. వెంట్రుక లోపల తెగిన బంధాలను అతికిస్తామని అమ్మే ఖరీదైన బాండ్ బిల్డర్లు బ్లీచ్ వల్ల దెబ్బతిన్న జుట్టుకు పెట్టిన డబ్బుకు ఫలితం ఇవ్వవచ్చు గాని, జడల వల్ల అట్టకట్టిన ఆరోగ్యకరమైన జుట్టుకు వాటి అవసరం లేదు. ఇస్త్రీ వేడికి మెలిక పోయి తిన్నగా మిగిలిన పాయలు ఏ చికిత్సకూ మళ్ళీ మెలిక తిరగవు, వాటిని పెరిగేకొద్దీ కత్తిరించుకుంటూ పోవాలి.

మళ్ళీ ఏ జడ వేయాలన్న విషయంలో మొదటి మూడు నెలలు సొంత జుట్టుతో వేసే రెండు పాయల మెలికలే మేలు. మాడును చిన్న గళ్ళుగా విడదీసి, సవరం కలిపి వేసే బాక్స్ బ్రెయిడ్స్ అందంగా ఉంటాయి, కానీ బరువంతా కుదుళ్ళ మీద పడుతుంది, నుదుటి అంచున జుట్టు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. అమెరికా దుకాణాలలో మనిషి జుట్టుతో చేసిన సవరాల కట్టలు చూసినప్పుడు, తిరుమల కల్యాణకట్ట నుంచి వేలంలో బయటికి వెళ్ళే తలనీలాలు ఎంత దూరం వస్తాయో కదా అనిపించింది. అవి ఎంత మెత్తగా ఉన్నా, దెబ్బతిన్న తలకు బరువు బరువే. రాత్రిళ్ళు నూలు దిండు గలీబు తేమను పీల్చి వెంట్రుకలను రాపాడిస్తుంది కాబట్టి శాటిన్ టోపీ పెట్టాలి, పిల్లలు నిద్రలో దానిని పీకేస్తారు కాబట్టి దిండుకు కూడా శాటిన్ గలీబే వేయాలి.

మా మనవరాలి జడలు ఇప్పుడు ఆరు వారాలు దాటనివ్వడం లేదు. విప్పవలసిన తేదీ క్యాలెండరు మీద గుండ్రం చుట్టి ఉంటుంది, దానికి రెండు రోజుల ముందే రెండు పెద్ద సీసాల కండిషనర్ ఇంటికి చేరుతుంది. కుంకుడుకాయలు నా తలకు మాత్రమే నానుతున్నాయి.